తెల్లబూటు గారికి, భువనగిరి ఖిల్లా కింద నుంచి

మహారాజశ్రీ తెల్లబూటు గారికి,

ఆదివారం తెల్లారేసరికి తమరు భువనగిరి ఖిల్లాకు వేంచేస్తున్నారని తెలిసింది. హైదరాబాద్‌కు ఓ 50 కిలోమీటర్లేగా, సాయంత్రానికి మాల్‌కు కూడా వెళ్లొచ్చని తమరి లెక్క కాబోలు. చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరుతో వెలసిన ఆ కోట కూర్చున్నది దాదాపు 500 అడుగుల ఏకశిల మీద. మెట్లున్నంతసేపూ తమరి మర్యాదకు లోటు రాదు. మెట్లు వదిలి ఫొటో కోసం వాలుబండ మీదికి జరిగినప్పుడే తమరి బండారం బయటపడేది.

తమరి అడుగు తిరగేసి చూశాం. చక్కని గీతలు, మధ్యలో కంపెనీ పేరు. గోరు గుచ్చితే మాత్రం చొట్టయినా పడదు. పైన పటారం, లోన లొటారం! పొడి గ్రానైట్‌ను పట్టుకునేది బూటు అడుగున ఉండే లోతైన బుడిపెలు కాదండీ, మెత్తని రబ్బరు. బండ గరుకులోకి అది కాస్త దిగాలి. మేకల కాపరి టైరు చెప్పులతో చకచకా దిగిపోతుంటే తమరు రెయిలింగు వదలకపోవడం అందుకే. బండ మీద ఇసుక పలచగా పరుచుకుని ఉంటే గోళీల మీద నిలబడ్డట్టే. వాన పడ్డప్పుడు నీరు కారే నల్లచారల్లో నాచు ఉంటుంది. అక్కడ తమరేమిటి, ఎంత ఖరీదైన బూటునైనా నమ్మలేం.

దిగేటప్పటి తప్పులో సగం మనిషిదే, ఒప్పుకుంటాం. భయంతో వెనక్కి వాలతాడు, బరువంతా మడమ అంచుకు పోతుంది, పాదం ముందుకు జారుతుంది. మోకాళ్లు కాస్త వంచి, అడుగు మొత్తం బండకు ఆనించి, పొట్టి అంగలు వేస్తే నిలుస్తాడు. తమరిని తొడుక్కుని ఆ మాట గుర్తుంచుకునేదెవరు? నేల విడిచి సాము తమరి కులవిద్యాయె.

ఇక వేళ్లు. దిగుతున్నంతసేపూ అవి తమరి ముందు గోడకు గుద్దుకుంటూనే ఉంటాయి. లేసు వదులు చేసి, వేళ్లు ముందుకు ఆనేలా పాదం జరిపితే, మడమ వెనక ఒక వేలు పట్టాలి. చీలమండ దగ్గర విడిగా ఉండే ఆఖరి చిల్లు గాలి కోసమని చాలామంది నమ్మకం. లేసును అదే పక్క ఆ చిల్లులో దూర్చి చిన్న ఉచ్చు చేసి, అవతలి లేసును అందులోంచి లాగి ముడేస్తే మడమ కదలదు, గోరు నల్లబడదు.

వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల ఎర్రమట్టికి వానాకాలంలో మాత్రం రావద్దు. అక్కడ 4, 5 మిల్లీమీటర్ల బుడిపెలు కావాలి. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల? ముఖ్యంగా తెల్లగా పుట్టినవారికి.

తమరి పెద్దన్న ట్రెక్కింగు బూటుకూ ఓ మాట. నాలుగైదేళ్లు అటక మీద పెట్టెలో నిద్రపోయాక నేరుగా కొండెక్కితే, వేడికీ తేమకూ లోపలి ఫోమ్ పొడిపొడై సోల్ నోరు తెరుస్తుంది. ముందు వీధిలో రెండు రోజులు తిరిగి రమ్మనండి. సంచిలో రెండు మూరల గట్టి టేపు కూడా తెచ్చుకోమనండి.

ఇట్లు,
కొండ దిగాక గోళ్లు లెక్కపెట్టుకునేవాళ్లు