ఇంటికి పంపే ముందు పది నిమిషాలు

పిల్లల వార్డులో డిశ్చార్జిల హడావిడి పదకొండు గంటల ప్రాంతంలో మొదలవుతుంది. అప్పటికి డాక్టర్ల రౌండ్లు ముగుస్తాయి. మంచం ఎప్పుడు ఖాళీ అవుతుందా అని జ్వరంతో కాగుతున్న బిడ్డను భుజాన వేసుకుని మరో తల్లి గుమ్మం దగ్గర నిలబడి ఉంటుంది. లోపల నర్సు ఒక చేత్తో కేస్ షీటు నింపుతూ, మరో చేత్తో మందుల సంచి అందిస్తూ, "ఇది మూడు పూటలా, ఇది రెండు పూటలా, జ్వరం వస్తేనే ఇది, అయిదు రోజుల తర్వాత ఓపీకి తీసుకురండి" అని ఒక్క గుక్కలో చెప్పేస్తుంది. తల్లి తల ఊపుతుంది. ఆ తల ఊపడమే మన ఆసుపత్రుల్లో కుటుంబానికి ఇచ్చిన ఆరోగ్య బోధనగా చెలామణీ అవుతోంది. అర్థమైందా అని అడిగితే కాలేదనే తల్లి ఉండదు. సిస్టరమ్మ కసురుకుంటుందేమోనన్న బెరుకు ఒకవైపు, మధ్యాహ్నం బస్సు తప్పిపోతుందేమోనన్న తొందర మరోవైపు ఆమెను నోరెత్తనివ్వవు.

విశాఖపట్నంలో ఈ సంగతిని తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు. 1923లో మొదలైన కింగ్ జార్జి ఆసుపత్రికి నగరంలోని పిల్లలే కాక శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచీ, పాడేరు, అరకు మన్యం నుంచీ, సరిహద్దు దాటి ఒడిశా నుంచీ పిల్లలు వస్తారు. పాడేరు నుంచి విశాఖకు వంద కిలోమీటర్లకు పైగా దూరం, అందులో ఘాట్ రోడ్డు. అక్కడి నుంచి లోపలి గూడేనికి చేరాలంటే కొన్నిచోట్ల నేటికీ డోలీయే దిక్కు. అలాంటి ఇంటికి చేరిన బిడ్డకు రెండో రాత్రి మళ్లీ ఆయాసం వస్తే, ఆ క్షణంలో ఆ బిడ్డ దగ్గర ఉండే వైద్య సిబ్బంది మొత్తం ఆ తల్లి ఒక్కతే. ఆమె చేతిలో పెట్టి పంపుతున్నదేమిటి? ఆంగ్లంలో రాసిన డిశ్చార్జి కాగితం, దానిమీద టీడీఎస్ (రోజుకు మూడుసార్లు), ఎస్ఓఎస్ (అవసరమైతేనే) అన్న పొడి అక్షరాలు. తల్లికి నేర్పడం చికిత్సకు చివర తగిలించే మర్యాద కాదని, చికిత్సలో అదీ ఒక భాగమని, దానికి సమయాన్నీ మనుషులనూ కేటాయించాల్సిందేనని మేము భావిస్తున్నాము.

నీళ్ల విరేచనాల సంగతే తీసుకుందాం. ఓఆర్ఎస్ ప్యాకెట్టు తెలియని ఇల్లు ఈ జిల్లాలో దాదాపు లేదు. కలపడం మాత్రం ఎవరికి తోచినట్టు వారు కలుపుతారు. లీటరు నీళ్లకు ఉద్దేశించిన పొడిని నాలుగు భాగాలు చేసి, చిన్న గ్లాసు నీళ్లలో చిటికెడు వేసి తాగించేవారు కొందరు. పొడి దండగవుతుందని మొత్తం ప్యాకెట్టును రెండు గ్లాసుల నీళ్లలో కలిపేసేవారు మరికొందరు. మొదటి పద్ధతిలో మందు పనిచేయదు, రెండో పద్ధతిలో ఉప్పు ఎక్కువై బిడ్డకు ముప్పు ముంచుకొస్తుంది. కొలపాత్ర లేని ఇంట్లోనూ బజారులో కొన్న లీటరు మంచినీళ్ల ఖాళీ సీసా ఉంటుంది. దాని నిండా కాచి చల్లార్చిన నీళ్లు పోసి, ప్యాకెట్టు మొత్తం అందులో వంపి, ఇరవై నాలుగు గంటల్లోగా వాడి, మిగిలింది పారబోయాలని తల్లి చేత ఒకసారి చేయించి చూపితే ఆమె జన్మలో మరిచిపోదు. విరేచనం అయిన ప్రతిసారీ రెండేళ్ల లోపు బిడ్డకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంతకు పెద్ద బిడ్డకు 100 నుంచి 200 మిల్లీలీటర్లు చెంచా చెంచాగా పట్టాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, మరింత నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టాలి. దీనితోపాటు ఇచ్చే జింకు మాత్రను విరేచనాలు మూడో రోజుకే కట్టినా 14 రోజులూ వేయాలన్నది ఎక్కువ ఇళ్లలో గాలికి పోయే సలహా. ఆ తర్వాతి రెండు మూడు నెలల్లో విరేచనాలు తిరగబెట్టకుండా కాపాడేది ఆ మిగిలిన రోజుల మాత్రలేనని ఎవరూ విడమరచి చెప్పకపోతే, తగ్గిన రోగానికి మందెందుకని తల్లి అనుకోవడంలో తప్పేముంది?

లంఖణం పరమౌషధమన్న మాట పెద్దవారి అజీర్తికి పనికొస్తుందేమో కానీ విరేచనాలతో నీరసించిన పసిబిడ్డకు అది శాపమే. తల్లిపాలు ఆపకూడదు, అన్నం మానిపించకూడదు. అలాగని నాయనమ్మ చెప్పేదంతా కొట్టిపారేయడమూ సబబు కాదు. ఉప్పు వేసిన గంజి, పల్చటి మజ్జిగ ఇవ్వమనే ఆమె సలహాను వైద్యశాస్త్రమూ ఒప్పుకుంటుంది. ముక్కులో నూనె చుక్కలు, గొంతులో బలవంతంగా ఆముదం, పొట్టమీద వాతలు మాత్రం ససేమిరా కూడదని చెప్పాల్సింది కూడా ఆమెకే, ఎదురుగా కూర్చోబెట్టి, గౌరవంగా. ఇంట్లో నిర్ణయం ఆమెదైనప్పుడు, ఒక్క మనిషినే లోపలికి వదిలే నిబంధన పేరుతో ఆమెను గేటు బయట నిలబెట్టి కోడలికి పాఠం చెప్పడం వల్ల ఒరిగేదేమీ లేదు.

కుటుంబం చేతికి చికిత్సను అప్పగించడం కొత్త ఆలోచనేమీ కాదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ కాలంలో పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా విరుచుకుపడినప్పుడు, సెలైన్ సీసాలు నిండుకున్న పరిస్థితిలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో నింపించి, రోగులకు వారి బంధువుల చేతే తాగించారు. దాదాపు 30 శాతం ఉన్న మరణాలు 3.6 శాతానికి దిగివచ్చాయి. ఆయనకు 2023లో మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించిన దేశంలోనే, చక్కెర నిండిన పానీయాలు ఓఆర్ఎస్ పేరు తగిలించుకుని మందుల దుకాణాల్లో ఏళ్ల తరబడి అమ్ముడయ్యాయి. హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ పట్టు వదలకుండా పోరాడిన తర్వాత, 2025 అక్టోబరులో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆ పేరు వాడకాన్ని నిషేధించింది. ఆదేశం వెలువడినంత మాత్రాన వీధి చివరి కొట్లో సీసా మారిందో లేదో తల్లికి తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైనదన్న మాట ప్యాకెట్టు మీద ఎక్కడ ఉంటుందో వేలు పెట్టి చూపించాల్సింది నర్సే.

జ్వరం మందు దగ్గర జరిగే పొరపాటు ఇంకా సూక్ష్మమైనది. పారాసిటమాల్ మోతాదును బిడ్డ బరువును బట్టి కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల చొప్పున లెక్కగడతారు. పది కిలోల బిడ్డకు ఒక విడతకు 150 మిల్లీగ్రాములు మించకూడదు. అదే మందు బజారులో అయిదు మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాముల సిరప్‌గా ఒకటి, 250 మిల్లీగ్రాముల సిరప్‌గా ఇంకొకటి, ఒక్క మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాములున్న చుక్కల మందుగా మరొకటి దొరుకుతుంది. మొదటి సీసా అయిపోయి, దుకాణంలో చుక్కల మందు ఇస్తే, అలవాటు కొద్దీ అదే అయిదు మిల్లీలీటర్లు పట్టిన తల్లి తనకు తెలియకుండానే నాలుగు రెట్ల మందు పోసినట్టవుతుంది. వంటింటి చెంచాకు కొలత అంటూ ఒకటి ఉండదు కాబట్టి, సూది తీసిన అయిదు మిల్లీలీటర్ల సిరంజి మీద మార్కర్‌తో ఒక గీత గీసి, సీసా మీద పేరుతోపాటు అంకెను కూడా చూడమని చెప్పి పంపడానికి ఖర్చయ్యేది రెండు నిమిషాలు. ఇక దగ్గుమందుల గురించి మళ్లీ చెప్పుకోవాల్సి రావడమే విచారకరం. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో విషపూరిత రసాయనం కలిసిన దగ్గుమందు ఇరవై మందికి పైగా చిన్నారులను పొట్టనపెట్టుకుంది. రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దనీ, అయిదేళ్ల లోపు వారికీ సాధారణంగా అవి తగవనీ కేంద్రం అప్పుడు మరోసారి హెచ్చరించింది. అయినా డాక్టరు సిరప్ రాయకపోతే వైద్యమే చేయలేదని భావించే ఇళ్లు మన చుట్టూ ఉన్నాయి. ఎందుకు రాయలేదో కూర్చోబెట్టి చెప్పేవారు లేనిచోట ఆ ఇల్లు నేరుగా మందుల దుకాణం మెట్లెక్కుతుంది.

ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిన బిడ్డను గుర్తించడానికి స్టెతస్కోపు అక్కర్లేదు. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, ఫోనులో నిమిషం పెట్టుకుని ఊపిరి లెక్కపెడితే చాలు. రెండు నెలల లోపు పాపాయికి 60, ఏడాది లోపు బిడ్డకు 50, అయిదేళ్ల లోపు బిడ్డకు 40, ఆ అంకెను చేరినా మించినా ఆగకుండా ఆసుపత్రికి రావాలి. ఇక్కడే భాష అడ్డం వస్తుంది. "రెస్పిరేటరీ డిస్ట్రెస్ ఉంటే రండి" అన్న వాక్యం ఉత్తరాంధ్ర పల్లెలో ఎవరికీ తగలదు. "గుంటడు డొక్కలెగరేత్తంటే బేగి అట్టుకురండి" అంటే అవ్వకు కూడా తెలుస్తుంది. మన్యం నుంచి వచ్చిన కువి మాట్లాడే తల్లికి అదీ చాలదు, ఆమె భాష తెలిసిన మనిషి కావాలి. బిడ్డ పాలు తాగలేకపోవడం, తాగిందంతా కక్కేయడం, ఫిట్స్ రావడం, లేపినా లేవకుండా మగతగా పడి ఉండటం అనే నాలుగు ప్రమాద చిహ్నాలను బొమ్మలతో, తల్లి మాటల్లోనే అచ్చువేసి ఇవ్వడం ప్రభుత్వానికి అంత భారమా? జ్వరంలో ఫిట్స్ వచ్చిన బిడ్డ చేతిలో తాళాల గుత్తి పెట్టడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం నేటికీ మాననివారున్నారు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏదీ పెట్టకుండా గడియారం చూసుకోవాలనీ, అయిదు నిమిషాలు దాటుతుంటే 108కు ఫోన్ చేయాలనీ వారికి ఎవరైనా చెప్పి ఉంటే కదా!

పోర్టు పరిసరాల్లోని పాతనగరంలో బొగ్గు, ఖనిజ ధూళి గురించి ఈ నగరం ఏళ్లుగా మొత్తుకుంటోంది. ఆ వీధుల్లో ఉబ్బసంతో బాధపడే పిల్లలకు డాక్టరు రాసిన ఇన్‌హేలర్ అలమారాలో దాక్కుంటుంది. ఒకసారి మొదలుపెడితే జీవితాంతం అలవాటైపోతుందన్న భయం దానికి కారణం. వాడేవారు కూడా స్పేసర్ (ఇన్‌హేలర్‌కూ నోటికీ మధ్య అమర్చే గొట్టం) లేకుండా నోట్లోకి కొట్టేస్తే మందు గొంతులోనే మిగిలిపోతుంది. స్పేసర్‌కు ఉండే మాస్కును ముఖానికి సందు లేకుండా ఆనించాలి, ఒక్కో నొక్కుకు బిడ్డ మామూలుగా అయిదారు సార్లు ఊపిరి తీసుకోవాలి, స్పేసర్‌ను సబ్బునీళ్లతో కడిగి, గుడ్డతో తుడవకుండా ఆరబెట్టాలి. కాగితం మీద రాస్తే రాని విద్య ఇది. తల్లి చేయాలి, నర్సు చూడాలి, తప్పు దిద్దాలి, మళ్లీ చేయించాలి.

ఇదంతా నర్సుల మీద నేరం మోపడానికి చెప్పడం లేదు. బోధనాసుపత్రి సాధారణ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలని భారత నర్సింగ్ మండలి ప్రమాణం చెబుతోంది. వానాకాలంలో జ్వరాలు ముసురుకున్నప్పుడు ఏ ప్రభుత్వ పిల్లల వార్డులోనైనా అడుగుపెట్టి, ఒక్కో మంచం మీద ఉన్న బిడ్డలను లెక్కపెట్టుకుంటే ఆ ప్రమాణం ఎంత దూరంలో ఉందో తెలిసిపోతుంది. ఉన్న ఒక్క నర్సు సెలైన్లు మార్చాలా, రిజిస్టర్లు రాయాలా, తల్లికి పాఠం చెప్పాలా? ప్రైవేటు ఆసుపత్రుల తీరు మరో రకం. అక్కడ బిల్లు వివరించడానికి ప్రత్యేకంగా కౌంటరు ఉంటుంది, మందు వివరించడానికి ఉండదు.

ఇంటికి వెళ్లాక ఆశా కార్యకర్త చూసుకుంటుందిలే అని అధికారులు అనవచ్చు. ఆసుపత్రిలో పుట్టిన శిశువు ఇంటికి 42 రోజుల్లోగా ఆమె ఆరుసార్లు వెళ్లాలి, ఆపైన 3, 6, 9, 12, 15 నెలల్లో మళ్లీ వెళ్లాలి. మంచి పథకమే. కానీ రెండేళ్ల వయసులో నెమ్ముతో వారం రోజులు మంచం మీద ఉండి ఇంటికెళ్లిన బిడ్డ ఆ జాబితాలో ఎక్కడా లేడు. డిశ్చార్జి అయిన రోజే ఆ ఊరి ఏఎన్ఎం (గ్రామ స్థాయి నర్సు)కు ఫోనులో సమాచారం వెళ్లి, మూడో రోజుకు ఎవరో ఒకరు ఆ గుమ్మం తొక్కే ఏర్పాటు ఉండాలి.

నగరంలో ప్రభుత్వ, ప్రైవేటు నర్సింగ్ కళాశాలలకు కొదవలేదు. ఆరోగ్య బోధన పేరిట విద్యార్థినులు రాత్రుళ్లు కూర్చుని రంగురంగుల ఛార్టులు గీస్తారు, మార్కులు పడగానే అవి అటకెక్కుతాయి. ఆ ఛార్టులను పిల్లల వార్డు గోడలకు దించి, ఆ విద్యార్థినులను అధ్యాపకుల పర్యవేక్షణలో రోజూ డిశ్చార్జి వేళకు అక్కడ కూర్చోబెట్టవచ్చు. దీనికి కొత్త జీవో కూడా అక్కర్లేదేమో. శాశ్వత పరిష్కారం మాత్రం ప్రతి పిల్లల వార్డుకు బోధన కోసమే ఒక నర్సు పోస్టును మంజూరు చేసి, ఆమెను ఇంకే పనికీ మళ్లించకుండా ఉంచడమే. ఈలోగా జిల్లా యంత్రాంగం చేయగలిగిన పని ఒకటుంది. కేస్ షీటు చివరి పేజీలో ఒక గడి అచ్చువేయించాలి. తల్లి మందు కొలిచి చూపిందా, ప్రమాద చిహ్నాలు తన మాటల్లో తిరిగి చెప్పిందా అన్నది నర్సు అందులో నింపాలి. ఆ గడి ఖాళీగా ఉన్నంతసేపు, బయట ఎంత రద్దీ ఉన్నా సరే, డిశ్చార్జి కాగితం మీద డాక్టరు సంతకం పడకూడదు.