రెండు స్టార్లు, ఒక విష్

మా మేనకోడలు ఏడో తరగతి. నవంబరు నుంచి అంతర్జాతీయ రచయిత్రి. దాని కథలు ఇంగ్లండులో ఒక బడి పిల్లలు చదువుతారట, వాళ్ల కథలు ఇది చదువుతుందట, ఒకరి రాతకి ఒకరు సలహాలు చెప్పుకుంటారట. ఫీజు రసీదులో 'గ్లోబల్ ఎక్స్‌పోజర్' అని విడిగా ఒక లైనుంది కాబట్టి నమ్మక తప్పదు.

ఇదేం కొత్త ఆలోచన కాదు. ప్రచ్ఛన్న యుద్ధం ఇంకా ముగియని 1988లోనే న్యూయార్క్ రాష్ట్రంలో కొన్ని బడుల్నీ మాస్కోలో కొన్ని బడుల్నీ కంప్యూటర్లతో కలిపారు. ఐఎర్న్ అనే సంస్థ అలా పుట్టింది. ఒకరి మీదొకరు అణుబాంబులు గురిపెట్టుకున్న దేశాల పిల్లలు కూడా మాట్లాడుకోగలిగారు. మన పిల్లలకి మాత్రం మధ్యలో కోఆర్డినేటర్ మేడమ్ కావాలి.

పిల్ల ఆవకాయ మీద రాసింది. తడి చేత్తో జాడీ ముట్టుకోబోతే "చెయ్యి విరగ్గొడతా" అని అమ్మమ్మ అరవడం, మూడోనాడు తిరగకలిపాక ఆ బేసిన్లోనే వేడన్నం వేసి కలిపి పిల్లలందరికీ తలో ముద్ద పెట్టడం. ఉన్నదున్నట్టు రాసింది పాపం. మేడమ్ దిద్దాక అది ఇలా తేలింది: 'మా అమ్మమ్మ ఆహార పరిశుభ్రత ప్రాముఖ్యాన్ని నాకు మృదువుగా వివరించింది.' సదరు అమ్మమ్మ మా అమ్మే. డెబ్బై రెండేళ్లలో ఆవిడ ఎవరికీ ఏదీ మృదువుగా వివరించి ఎరగదు. బేసిన్లో ముద్ద కాస్తా 'సమతుల ఆహారం' అయింది. కథ మొత్తంలో కారం లేదు.

బ్రిటన్ బడుల్లో ఒక పద్ధతుంది, రెండు స్టార్లు, ఒక విష్. తోటివాడి రాతలో నచ్చినవి రెండు చెప్పి, ఇంకేముంటే బాగుండేదో ఒకటి చెప్పాలి. అక్కడి కుర్రాడొకడు రెండు స్టార్లూ ఇచ్చి, విష్ దగ్గర ఇలా రాశాడు: మీ అమ్మమ్మకి అసలు కోపం రాదా?

ఏడెనిమిది వేల కిలోమీటర్ల అవతల కూర్చుని, సరిగ్గా కత్తెర పడిన చోటే వేలు పెట్టాడు వెధవ! మేడమ్‌కి టెన్షన్ పట్టుకుంది. నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ కదా. నోటీసు బోర్డు మీద స్టార్లు మాత్రం అంటించి, విష్ ఉన్న ముక్క కత్తిరించేశారు.

ఇక మన వంతు. సాయంత్రం నాలుగింటికి వీడియో కాల్, అక్కడ పొద్దున్న పదిన్నర. ఇస్త్రీ మడత నలగకుండా నలభై రెండు మంది. బ్యానర్ మీద కరస్పాండెంట్ గారి ఫొటో భూగోళం కన్నా పెద్దది. అదే కుర్రాడు తన కథ చదివాడు. వాళ్ల కుక్క చచ్చిపోయింది. దాని గిన్నె ఎవరూ తీయలేదట, రోజూ పొద్దున్నే వాడు అందులో నీళ్లు మారుస్తున్నాడట. చదవడం అయ్యాక మనవాళ్లు ఒక్కొక్కరే లేచి ఫీడ్‌బ్యాక్ ఇచ్చారు. బోర్డు మీద ముందే రాసిపెట్టిన వాక్యమే. 'ఎక్సలెంట్ వొకాబులరీ, నీట్ హ్యాండ్‌రైటింగ్.' కథ టైపు చేసింది. అయినా నలభై రెండు సార్లు, ఒక్క అక్షరం పొల్లుపోకుండా. ఆఖర్న చప్పట్లు కూడా.

సిగ్గుండాలి. వాడు కుక్క పోయి ఏడుస్తుంటే మనం వొకాబులరీకి మార్కులేశాం. ఆ నలభై రెండు మందిలో ఒక్కళ్లకైనా గొంతులో ఏదో అడ్డుపడే ఉంటుంది. దాన్ని బయటికి రానివ్వకుండా నోట్లో ఇంకో వాక్యం కుక్కడానికి మనం విడిగా ఫీజు కడుతున్నాం!

ఆ రాత్రి భోజనాల దగ్గర పిల్ల ఇదంతా చెప్పింది. మా అమ్మ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"ఆ కుక్క పేరేంటే?"

"అడగలేదమ్మమ్మా. బోర్డు మీద లేదు."