ముక్కు కొన మీద తిష్ఠ వేసిన వాపుగారికి

మహారాజశ్రీ వాపుగారికి,

తమరు క్షేమంగా ఉన్నట్టు పొద్దున్నే అద్దం చెప్పింది. ముక్కు తీరు దిద్దే ఆపరేషనై (రైనోప్లాస్టీ) మూడో నెల నిండింది, కొన తేలిందని మురిసి, రాత్రి పెళ్లిభోజనంలో ఆవకాయా అప్పడాలూ కాస్త చనువుగా లాగిస్తే, తెల్లారేసరికి మళ్లీ మైసూర్ బోండా! ఉప్పు తిన్నవాళ్లకు విశ్వాసం ఉండాలంటారు. తమరికైతే ఉప్పు తగిలితేనే ప్రాణం లేచొస్తుంది.

మీ తమ్ముళ్లు నయం. కళ్ల కింద కమిలినాయన రెండుమూడు రోజులు నల్లగా ఉరిమి, ఆనక పసుపు తిరిగి, రెండు వారాల్లో సెలవు పుచ్చుకుంటాడు. దూలం మీదాయన నెలా నెలన్నరలో చాలావరకు దిగిపోతాడు. తమరికే ఏం పుట్టింది? కొన దగ్గర చర్మం మందం, నిజమే. ఓపెన్ పద్ధతిలో రంధ్రాల మధ్య కోసి చర్మం పైకెత్తితే నీరు లాగే లింఫ్ నాళాలు తెగుతాయి, అవి మళ్లీ అల్లుకోవాలి, అదీ నిజమే. అందుకని ఏడాదా? మందపు చర్మమైతే ఏడాదిన్నర, రెండేళ్లా? మండల దీక్షకైనా 41 రోజులే కదండీ!

మర్యాదల్లో ఏమన్నా లోటు జరిగిందా? మొదటి 48 గంటలూ గుడ్డలో చుట్టిన ఐసు, అదీ బుగ్గల మీదే, ముక్కును తాకకుండా. తల కింద రెండుమూడు దిండ్లు, రెండు వారాలు వెల్లకిలా పడక. చీదడం బంద్. తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్ము. కళ్లజోడు బరువు దూలం మీద పడకుండా నెలకు పైగా టేపుతో నుదుటికి వేలాడదీత. ఏడో రోజు స్ప్లింట్ (ముక్కు మీది గట్టి కట్టు) తీయగానే, అదిమేవాడు లేడని ఒళ్లు విరుచుకున్నారు చూడండి, అప్పుడే అర్థం కావలసింది.

ఇక తమరిని అదిమిపెట్టే ఆ రాత్రి టేపు. సర్జన్ వేసుకోమన్నాకే, ముఖం కడిగి, జిడ్డంతా తుడిచి, అరంగుళం మైక్రోపోర్ (కాగితపు టేపు) ముక్కలు దూలం నుంచి కిందికి అడ్డంగా, ఒకదాని అంచు మీదికి ఒకటి ఎక్కేలా. చివరి ముక్క కొన కిందనుంచి ఉయ్యాలలా పైకి. బిగిస్తే చర్మం పొక్కుతుంది, వదులైతే నీకు లెక్కే లేదు. పొద్దున్న గోరువెచ్చటి నీళ్లతో నాననివ్వకుండా సర్రున లాగితే చర్మం ఎర్రబడుతుంది, ఆ వంకన మళ్లీ నువ్వే తయారు! (నూనె రాసి మర్దన చేయమనే పక్కింటి పిన్నిగారికి వేరే ఉత్తరం రాయాలి.)

మొండికేస్తే కొన పైన వాపు తగ్గించే స్టెరాయిడ్, ట్రయామ్సినలోన్ సూది ఉంది, జాగ్రత్త. మోతాదు మించితే చర్మం పలచబడి గుంట పడుతుందని నీకూ తెలుసు, ఆ ధీమాయే నీది. ఏడాదిలోపు రెండో ఆపరేషన్ మాటెత్తితే సర్జన్లు సాధారణంగా ఆగమంటారనీ తెలుసు. ముక్కు పిండి వసూలు చేయడమంటే ఇదేరా నాయనా!

మధ్యాహ్నానికి కాస్త తగ్గుతావు, రేపు పొద్దున ఎలాగూ వస్తావు. వచ్చేదేదో రెండు వైపులా సమానంగా రా. ఇవాళ ఎడమవైపు ఎక్కువైంది.

ఇట్లు,
అద్దం ముందు నుంచి