ఆండ్రూ లక్ ఓర్చుకోలేక వెళ్లిపోయాడా?

అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు ఆండ్రూ లక్ పేరు ఎత్తితే చాలు, అదే పాట మొదలవుతుంది. రిహాబ్ (గాయం నుంచి కోలుకునే చికిత్స, కసరత్తు) కష్టంగా ఉందని 29 ఏళ్లకే చేతులెత్తేశాడట, ఈ తరం వాళ్లంతా ఇంతేనట. సీజన్ ముంగిట జట్టును నట్టేట ముంచి, కోట్ల డాలర్లు జేబులో వేసుకుని ఇంటికెళ్లాడట. 2019 ఆగస్టు 24 రాత్రి అతను రిటైరవుతున్నట్టు తెలిసిన కాసేపటికే మొదలైన మాటలివి.

ముందు ఆ ఓర్పు సంగతి చూద్దాం. లక్ క్వార్టర్‌బ్యాక్. అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ పని బంతి విసరడం. విసిరేలోపు వంద కిలోలు దాటిన మనుషులు వచ్చి మీద పడుతుంటారు. ఇండియానాపోలిస్ కోల్ట్స్ జట్టు 2012 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో) మొట్టమొదటి ఆటగాడిగా లక్‌ను తీసుకుంది. ఆ మొదటి సీజన్‌లోనే అతన్ని 41 సార్లు బంతితో సహా కింద పడేశారు. 2015 నవంబరులో డెన్వర్‌తో మ్యాచ్‌లో కిడ్నీ చీరుకుపోయింది, పొట్ట కండరం కొంత తెగింది. అయినా బయటికి రాలేదు. చివరిదాకా ఆడి 27-24తో గెలిపించాడు. తర్వాత మూత్రంలో రక్తం పడింది. ఇవి కాక పక్కటెముకల దగ్గర గాయం, తలకు దెబ్బ, బంతి విసిరే భుజంలోనే చిరుగు. ఆ భుజంతోనే 2016 సీజన్ లాగించాడు. 2017 జనవరిలో సర్జరీ అయింది, ఆ ఏడాది ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

రిహాబ్‌కు భయపడేవాడైతే ఆటకు దండం పెట్టాల్సింది అప్పుడు. అలా చేయలేదు. 2018లో తిరిగొచ్చి 4,593 గజాలు, 39 టచ్‌డౌన్ పాసులు (ప్రత్యర్థి గీత దాటి పాయింట్లు తెచ్చే పాసులు) విసిరాడు. మొదటి ఆరు మ్యాచ్‌ల్లో ఐదు ఓడిన జట్టును ప్లేఆఫ్స్‌కు చేర్చాడు. దెబ్బ తిని తిరిగొచ్చి రాణించినవారికిచ్చే కమ్‌బ్యాక్ ప్లేయర్ అవార్డు అతనికే వచ్చింది.

2019లో పిక్క, ఆ తర్వాత చీలమండ. మళ్లీ మొదటికొచ్చింది. గాయం, నొప్పి, రిహాబ్, మళ్లీ గాయం, నాలుగేళ్లుగా ఇదే చక్రమని, ఆటలో ఆనందమే పోయిందని ఆ రాత్రి చెప్పాడు. 2016లో నొప్పితో ఆడిన తర్వాత ఇక ఆ దారిన వెళ్లనని తనకు తానే మాట ఇచ్చుకున్నాడట. రిహాబ్ కష్టమనడం వేరు, ఆట పోయి రిహాబే మిగిలిందనడం వేరు. విమర్శకులు రెండోదాన్ని మొదటిదిగా చదివారు.

'ఈ తరం' మాటకు ఎక్కువ చర్చ అక్కర్లేదు. ఇదే ఆటలో పేరుమోసిన జిమ్ బ్రౌన్ 1966లో 30 ఏళ్లకే మానేశాడు, అదీ ఫామ్‌లో ఉండగా. 1999లో మరో స్టార్ బ్యారీ శాండర్స్ ఆల్‌టైమ్ రషింగ్ (బంతితో పరుగెత్తి సాధించిన గజాల) రికార్డుకు 1,457 గజాల దూరంలో ఉండి, సొంత ఊరి పత్రికకు ఓ ఫ్యాక్స్ పంపి తప్పుకున్నాడు. వాళ్లది ఏ తరమో?

జట్టును ముంచాడన్న దాంట్లో మాత్రం కొంత నిజం ఉంది. తొలి మ్యాచ్‌కు రెండు వారాలే మిగిలాయి. బదులు క్వార్టర్‌బ్యాక్ జాకోబీ బ్రిసెట్‌తో నెట్టుకొచ్చిన కోల్ట్స్ ఆ ఏడాది ఏడు గెలిచి, తొమ్మిది ఓడి ముగించింది. అభిమానుల కోపం నాకు అర్థమవుతుంది. కానీ ఆ రాత్రి జరిగిన తీరుకు అతను బాధ్యుడు కాదు. మర్నాడు ప్రెస్‌మీట్ పెట్టి చెప్పాలనుకున్నాడు. బేర్స్ జట్టుతో ప్రీసీజన్ (సీజన్‌కు ముందు జరిగే సన్నాహక) మ్యాచ్ నడుస్తుండగానే వార్త బయటికి పొక్కింది, స్టాండ్స్‌లో ఫోన్లు చూసుకున్నారు. మైదానం వదిలి లోపలికి నడుస్తుంటే సొంత జనమే వెక్కిరింతగా అరిచారు. విన్నానని, బాధేసిందని ఒప్పుకున్నాడు. పోనీ, ఉండిపోయి సగం కాలుతో జీతం తీసుకుని ఉంటే జట్టుకు ఒరిగేదేమిటి?

ఇక డబ్బు. ఒప్పందం మధ్యలో మానేస్తే ముందుగా ఇచ్చిన బోనస్‌లో కొంత తిరిగి అడిగే హక్కు జట్టుకుంటుంది. అలా సుమారు 2.48 కోట్ల డాలర్లు వసూలు చేసుకునే వీలున్నా కోల్ట్స్ వద్దనుకుంది. జట్టు వదులుకున్న సొమ్మును అతను పట్టుకుపోయినట్టు ప్రచారం చేస్తున్నారు. అతను వదిలేసిన లెక్క కూడా చెప్పాలిగా? 2021 వరకు ఒప్పందం చేతిలో ఉంది. మున్ముందు రావాల్సినవన్నీ కలిపితే 45 కోట్ల డాలర్ల దాకా వదులుకుంటున్నాడేమోనని జట్టు అప్పటి యజమాని జిమ్ ఇర్సే స్వయంగా అన్నాడు.

అసలు ఆటంటేనే ఇష్టం లేదని కూడా అన్నారు. 2024 నవంబరులో లక్ తాను చదివిన స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీకే ఫుట్‌బాల్ జనరల్ మేనేజర్‌గా వెళ్లాడు. ఆ ఉద్యోగంలో ఎవరూ వచ్చి మీద పడరు.