స్పానిష్ వాళ్ళు మనవాళ్ళే, ఆధారాలు మొహం మీదే ఉన్నాయి

మా అమ్మాయి ఇంటర్ అయ్యాక ఖాళీగా ఉండలేక ఫోన్లో స్పానిష్ మొదలెట్టింది. ఇప్పుడు బ్రాడీపేటలో మా ఇంట్లో పొద్దున్నే సుప్రభాతం బదులు కళ్ళూ ముక్కూ చెవులూ వినపడుతున్నాయి. పక్కన కాఫీ తాగుతూ వారం రోజులు విన్నాక నాకు విషయం అర్థమైంది, స్పానిష్ పుట్టింది తెలుగులోంచే. నవ్వకండి.

కన్నుని వాళ్ళు ఓహో అంటారు. వింతేదైనా కంటపడితే మనం ఏమంటాం మరి? చెవి ఒరేహా. మనం ఒరేయ్ అని అరిస్తే అది పోయి పడేదెక్కడ, చెవిలోనేగా! జుట్టు పేలో. దీని గురించి నేను చెప్పేదేం లేదు, మా అమ్మమ్మ ఈరుపెన్ననడగండి. మొహం కారా. మా గుంటూరు మిర్చి యార్డులో అడుగుపెట్టినోడికి కారం ముందు తగిలేది ఎక్కడో వేరే చెప్పాలా? మిరపకాయే అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు వాళ్ళ ఓడలెక్కి మనకొచ్చిందని చరిత్ర చదివినోళ్ళు అంటారు, అననివ్వండి, కాయ అట్నించి వచ్చినా మాట మాత్రం ఇట్నించే పోయింది.

ఇంకో పెద్ద ఆధారం. మెడ క్వెయో, మూతిని మోటుగా మొర్రో అంటారు. రెండూ కలిపి గబగబా అనండి. ఇన్ని తరాలుగా మనం కుయ్యో మొర్రో అంటోంది మెడా మూతీ పట్టేసి అన్నమాట.

వ్యాకరణం కూడా మనదే. 'మె దువేలె లా కబేసా' అంటే నాకు తల నొప్పెడుతోంది అని. నా తల అనరు, మనలాగే, నొప్పి నాకైతే తల పక్కింటోడిది ఎందుకవుద్ది? మొహమాటం లేకుండా మాట్లాడేవాడిని నాలుక మీద వెంట్రుకల్లేవంటారు, మనం నాలుకకి నరం లేదంటాం, అంతే తేడా.

ఒక్కచోట మాత్రం చెడిపోయారు. మనకి ఒంట్లో ఏ భాగానికీ ఆడా మగా లేదు, వాళ్ళకి కన్ను మగ, చెవి ఆడ, చెయ్యి చూడ్డానికి మగలా ఉన్నా ఆడదే, అన్నిటికంటే ఘోరం మీసం మగ, గడ్డం ఆడ. రెండూ ఒకే మొహం మీద ఎలా కాపురం చేస్తున్నాయో! పరాయి దేశంలో తెలుగు ఎక్కువకాలం ఉంటే ఇలాగే అవుద్ది.

ఇదంతా చెప్తే మా అమ్మాయి ఫోన్ పక్కనపెట్టి "నాన్నా, నువ్వు బోడిగుండుకీ మోకాలికీ ముడేస్తున్నావ్" అంది.

"సరే, మోకాలిని ఏమంటారు వాళ్ళు?"

"రొదీయా."

నేనేం మాట్లాడలేదు. లోపల గదిలోంచి మా అమ్మ, తెల్లారినప్పట్నించీ ఆపకుండా, మోకాళ్ళ గురించి పెడుతున్న రొద అందరికీ వినపడుతూనే ఉంది.