గ్లాసులో రంగు పోయింది నిజమే, ఒంట్లో జరిగేది అది కాదు

నెల రోజులుగా మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒకే సందేశం తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "శరీరంలో పుట్టే ఫ్రీ రాడికల్స్ అనే విషాలు మన కణాలను తుప్పు పట్టిస్తాయి. ముసలితనానికీ క్యాన్సర్‌కీ మూలం అవే. నలభై దాటాక వాటిని ఎదుర్కొనే శక్తి ఒంట్లో ఉండదు. ఒక్క యాంటీఆక్సిడెంట్ క్యాప్సూల్ వెయ్యి పళ్లతో సమానం. సహజమైనది కాబట్టి ఎంత వాడినా హాని లేదు. పొగ తాగేవారైతే తప్పనిసరిగా వాడాలి." కింద ఒక వీడియో. (ఫ్రీ రాడికల్స్ అంటే జత లేని ఎలక్ట్రాన్ ఉండి, ఎదుటివాటితో ఇట్టే చర్య జరిపే అణువులు. ఒక పదార్థం ఎలక్ట్రాన్లు పోగొట్టుకోవడమే ఆక్సీకరణం, దాన్ని ఆపేవి యాంటీఆక్సిడెంట్లు.)

మొదట పట్టించుకోలేదు. కిందటి ఆదివారం తెనాలిలో మా బాబాయి ఇంటికి వెళ్తే టీవీ పక్కన ఆ క్యాప్సూళ్ల డబ్బా కనిపించింది. బాబాయి ముప్ఫై ఏళ్లుగా సిగరెట్లు తాగుతున్నాడు. "మానలేకపోతున్నాను కదమ్మా, కనీసం ఇదైనా వేసుకుంటే ఊపిరితిత్తులకు రక్షణ ఉంటుందన్నారు" అన్నాడు. డిగ్రీ పిల్లలకు జీవరసాయన శాస్త్రం చెబుతూ ఇన్నాళ్లూ ఊరుకున్నందుకు నా మీద నాకే కోపం వచ్చింది. అందుకే ఆ సందేశంలోని ఒక్కొక్క మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

ముందు ఆ వీడియో సంగతి. ఒకతను గ్లాసు నీళ్లలో గాయాలకు రాసే అయోడిన్ మందు నాలుగు చుక్కలు వేస్తాడు. నీళ్లు ఎర్రమట్టి రంగుకు తిరుగుతాయి. "మీ రక్తంలో ఉన్న విషం ఇదే" అంటాడు. క్యాప్సూల్ విప్పి పొడి చల్లి కలుపుతాడు. చూస్తుండగానే నీళ్లు తేటపడతాయి. నేను పిన్నిని అడిగి మరో గ్లాసు నీళ్లు, ఇంట్లో ఉన్న అలాంటి మందే, ఒక నిమ్మచెక్క తెప్పించుకున్నాను. రసం పిండి కలిపితే ఆ నీళ్లూ తేటపడ్డాయి. బాబాయి కళ్లద్దాలు సవరించుకుని రెండోసారి చూశాడు.

నిమ్మరసంలోని విటమిన్ సి తన ఎలక్ట్రాన్లను అయోడిన్‌కు ఇచ్చింది. వాటిని అందుకున్న అయోడిన్ అయోడైడ్‌గా మారింది. అయోడైడ్‌కు రంగు లేదు, అంతే. ఏ విషమూ విరగలేదు, అయోడిన్ ఎక్కడికీ పోలేదు, ఆ గ్లాసులోనే ఉంది. పైగా మన మెడలోని థైరాయిడ్ గ్రంథి రోజూ దీనికి సరిగ్గా తిరగేసిన పని చేస్తుంది. రక్తంలో తిరిగే అయోడైడ్‌ను పట్టుకుని, ఆక్సీకరించి, ప్రొటీనుకు అతికించి హార్మోను తయారుచేస్తుంది. అందుకు కావలసిన హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను, అంటే ఫ్రీ రాడికల్స్‌తో పాటే లెక్కించే ఆక్సీకరణ పదార్థాన్ని, ఆ గ్రంథి కణాలు పనిగట్టుకుని పుట్టించుకుంటాయి. వీడియోలోని మనిషి తుడిచిపెట్టేయాలంటున్న సరుకునే శరీరం కోరి తయారుచేసుకుంటోందన్న మాట.

"ఫ్రీ రాడికల్స్ విషాలు" అన్న మొదటి మాట ఇక్కడే వీగిపోతుంది. ఇంకా బలమైన ఉదాహరణ మన తెల్ల రక్తకణాల్లో ఉంది. న్యూట్రోఫిల్ అనే కణం బ్యాక్టీరియాను మింగగానే ఆ కణం పొరలో ఉన్న ఒక ఎంజైము (రసాయన చర్యలను నడిపే ప్రొటీను) మేలుకుంటుంది. కణం ఒక్కసారిగా ఆక్సిజన్‌ను జుర్రుకుని, దాన్ని సూపరాక్సైడ్ అనే ఫ్రీ రాడికల్‌గా మార్చి, మింగిన క్రిమి మీదికి వదులుతుంది. కొందరు పిల్లలు ఆ ఎంజైము పనిచేయకుండా పుడతారు. వాళ్ల తెల్ల కణాలు క్రిముల్ని మింగుతాయి కానీ చంపలేవు. చర్మం మీద గడ్డలు, కాలేయంలో చీము, ఊపిరితిత్తుల్లో బూజు, ఒకదాని వెంట ఒకటిగా వస్తూనే ఉంటాయి. 1950లలో వైద్యులు ఈ జబ్బును మొదట గుర్తించినప్పుడు దాని పేరులోనే 'ప్రాణాంతకం' అన్న మాట చేర్చారు. ఫ్రీ రాడికల్స్ తయారు కాకపోతే ఏమవుతుందో ఆ పిల్లల తల్లిదండ్రులకు తెలుసు.

హద్దు మీరితే అవి చెడు చేస్తాయన్నది మాత్రం అక్షరాలా నిజం. మన కణాల్లోని శక్తి కేంద్రాలైన మైటోకాండ్రియా ఆక్సిజన్‌తో శక్తి పుట్టించేటప్పుడు కొద్దిపాటి సూపరాక్సైడ్ జారిపోతూనే ఉంటుంది. అది హైడ్రోజన్ పెరాక్సైడ్ అవుతుంది, దానికి ఇనుము తగిలితే హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. అది ఎదుట ఏది ఉంటే దాన్ని కొరుకుతుంది. డీఎన్ఏ కావచ్చు, కణపు పొర కావచ్చు. పుట్టించేదీ అణచేదీ తూకం తప్పిన ఆ స్థితినే ఆక్సీకరణ ఒత్తిడి అంటారు. దాన్ని నేను కొట్టిపారేయడం లేదు. తూకం సరిచేసేది క్యాప్సూల్ అన్న మాట మీదే నా అభ్యంతరమంతా.

"ఎదుర్కొనే శక్తి ఒంట్లో ఉండదు" అన్నది ఈ సందేశంలో నన్ను ఎక్కువ బాధపెట్టిన మాట. అంత అద్భుతమైన ఏర్పాటును లేదనడం అన్యాయం. 1969లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో మెకార్డ్, ఫ్రిడొవిచ్ అనే ఇద్దరు సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైమును గుర్తించారు. మన ప్రతి కణంలోనూ ఉండే ఈ ఎంజైము సూపరాక్సైడ్‌ను ఎంత వేగంగా పట్టుకుంటుందంటే, విటమిన్ సి అదే పని చేసే వేగం దానిలో సుమారు పదివేల వంతు. దాని చేతి నుంచి వచ్చిన హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను క్యాటలేజ్ అందుకుంటుంది. క్యాటలేజ్ అణువు ఒక్కటే సెకనులో లక్షల పెరాక్సైడ్ అణువులను నీరుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. ఎంజైము తాను ఖర్చు కాకుండా మళ్లీ మళ్లీ అదే పని చేస్తుంది. మాత్రలోని విటమిన్ అణువు ఒకసారి ఎలక్ట్రాన్ ఇచ్చాక, కణం దాన్ని తిరిగి నింపితే తప్ప మరోసారి పనికి రాదు.

క్యాటలేజ్‌ను కంటితో చూడాలంటే మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ చాలు. పచ్చి బంగాళాదుంప ముక్క మీద రెండు చుక్కలు వేయండి. తెల్లని నురుగు బుసబుసా పొంగుతుంది. అది దుంప కణాల్లోని క్యాటలేజ్ వదిలిన ఆక్సిజన్. ఉడికించిన దుంప మీద వేస్తే చుక్క చుక్కలాగే ఉంటుంది, ఎందుకంటే వేడికి ఎంజైము చచ్చిపోయింది. మన గాయం మీద ఆ మందు పోసినప్పుడు వచ్చే నురుగూ ఇదే. దుంపకూ మనకూ ఒకటే కాపలా. భూమ్మీద గాలిలో ఆక్సిజన్ పెరగడం మొదలై సుమారు 240 కోట్ల ఏళ్లయింది. అప్పటి నుంచీ ప్రాణులు దిద్దుకుంటూ వచ్చిన రక్షణ ఇది.

ఇవి కాక గ్లూటాథయోన్ అనే మరో రక్షక పదార్థం ఉంది. గ్లుటమేట్, సిస్టీన్, గ్లైసిన్ అనే మూడు అమైనో ఆమ్లాలతో కణం దాన్ని తానే కట్టుకుంటుంది. పప్పు, గుడ్డు, పెరుగు తినేవారికి ఆ ముడిసరుకుకు లోటుండదు. ఆక్సీకరణం పెరిగిందని తెలియగానే కణంలో కీప్1 అనే ప్రొటీను తన పట్టు సడలిస్తుంది, నర్ఫ్2 అనే మరో ప్రొటీను కేంద్రకంలోకి వెళ్లి రక్షణ ఎంజైముల జన్యువులను తట్టి లేపుతుంది. అంటే కొద్దిపాటి ఆక్సీకరణమే కాపలాను అప్రమత్తం చేసే గంట.

ఆ గంట మోగకుండా చేస్తే? 2009లో జర్మనీలో ఒక ప్రయోగం జరిగింది. యువకుల చేత నాలుగు వారాలు వ్యాయామం చేయించారు. కొందరికి రోజూ 1,000 మిల్లీగ్రాముల విటమిన్ సి, 400 యూనిట్ల విటమిన్ ఇ ఇచ్చారు, మిగతావారికి ఇవ్వలేదు. వ్యాయామం వల్ల ఇన్సులిన్ బాగా పనిచేయడం అన్న మేలు మాత్రలు వేసుకోనివారిలోనే కనిపించింది. చక్కెర జబ్బు ఇంటింటికీ చేరిన మన ఊళ్లలో, పొద్దున్నే నడిచి వచ్చి ఈ మాత్ర వేసుకునే పెద్దలను చూస్తే నాకు ఈ ప్రయోగమే గుర్తొస్తుంది.

"ముసలితనానికి మూలం" అన్న మాట ఎక్కడి నుంచో ఊడిపడింది కాదు. 1956లో డెన్హమ్ హార్మన్ అనే శాస్త్రవేత్త చేసిన ప్రతిపాదన అది. మంచి ఆలోచన, దశాబ్దాల పాటు పరీక్షించారు కూడా. మైటోకాండ్రియాలోని డిస్మ్యుటేజ్ లేకుండా పుట్టించిన ఎలుకలు పుట్టిన మూడు వారాల లోపే చనిపోయాయి కాబట్టి ఆ ఎంజైము ప్రాణావసరం. కానీ అదే ఎంజైమును మామూలు కన్నా ఎక్కువగా పెట్టిన ఎలుకలు ఎక్కువ కాలం బతకలేదు. ఆఫ్రికాలో నేల కింద ఉండే వెంట్రుకల్లేని ఒక రకం ఎలుక ఒంట్లో ఆక్సీకరణ నష్టం మామూలు ఎలుక కన్నా ఎక్కువ, అయినా అది ముప్ఫై ఏళ్లు దాటి బతుకుతుంది. 1956 నాటి ప్రతిపాదన దగ్గరే ఆగిపోయిన ఈ సందేశానికి ఆ తర్వాతి కథ పట్టలేదు.

"వెయ్యి పళ్లతో సమానం" అన్నది పరీక్షనాళికలో కొలిచిన అంకె. ఏ ఆహారానికి ఎంత యాంటీఆక్సిడెంట్ శక్తి ఉందో చెప్పే అలాంటి అంకెల పట్టికను అమెరికా వ్యవసాయ శాఖ 2012లో తన వెబ్‌సైటు నుంచి తీసేసింది. మనిషి ఆరోగ్యానికి వాటితో సంబంధం లేదనీ, అమ్మకందారులు వాటిని దుర్వినియోగం చేస్తున్నారనీ కారణం చెప్పింది. యాపిల్ తిన్నాక రక్తపు యాంటీఆక్సిడెంట్ శక్తి పెరిగిందని కొలిచినప్పుడు కూడా, పెరుగుదలకు కారణం పండులోని చక్కెర వల్ల పెరిగిన యూరిక్ ఆమ్లం అని 2004లో తేలింది. పండు తినడానికి మంచి కారణాలు చాలా ఉన్నాయి, ఈ అంకె వాటిలో లేదు. విటమిన్ సి సంగతి అంటారా, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం వంద గ్రాముల ఉసిరిలో 252 మిల్లీగ్రాములుంది. మగవారికి రోజుకు కావలసింది 80, ఆడవారికి 65. ఓ మోస్తరు ఉసిరికాయ ఒకటి పచ్చిగా తింటే ఆ లెక్క దాదాపు సరిపోతుంది. నోటి ద్వారా వేల మిల్లీగ్రాములు వేసుకుంటే రక్తం ఒక హద్దు దాటి పట్టుకోదు, మిగిలింది మూత్రంలో పోతుంది.

"ఎంత వాడినా హాని లేదు." ఉంది. జీ6పీడీ అనే ఎంజైము లోపంతో పుట్టినవారు మన దేశంలోనూ ఉన్నారు. ఎర్ర రక్తకణాల్లో గ్లూటాథయోన్‌ను తిరిగి నింపే శక్తి ఆ ఎంజైము నుంచే వస్తుంది. అది తక్కువైనవారికి మలేరియా మందు ప్రైమాక్విన్ ఇస్తే ఎర్ర కణాలు పగిలి మూత్రం నల్ల టీ రంగులోకి మారుతుంది. 'యాంటీఆక్సిడెంట్' అని పేరున్న విటమిన్ సి కూడా భారీ మోతాదులో నరంలోకి ఎక్కిస్తే అలాంటివారిలో ఇదే ప్రమాదం తెస్తుంది. చోటు మారితే, మోతాదు మారితే ఆక్సీకరణాన్ని ఆపేదే ఆక్సీకరణాన్ని పుట్టిస్తుంది.

ఈ పదార్థాలు ఎప్పుడూ పనికిరావని నేననడం లేదు. పారాసెటమాల్ మోతాదు మించి మింగినవారి కాలేయాన్ని కాపాడేది గ్లూటాథయోన్‌కు ముడిసరుకు అందించే ఎన్-అసిటైల్ సిస్టీనే. వయసుతో వచ్చే ఒక రకం కంటి జబ్బు మధ్య దశలో ఉన్నవారికి విటమిన్లు, జింకు కలిపిన మాత్ర మేలు చేస్తుందని పరీక్షల్లో తేలింది. అవి ఫలానా జబ్బుకు, ఫలానా మోతాదులో వైద్యుడు రాసేవి. గ్రూపులో లింకు చూసి కొనుక్కునేవి కావు.

ఇక బాబాయి డబ్బా. "పొగ తాగేవారు తప్పనిసరిగా వాడాలి" అన్న మాట కోసమే నిజానికి ఇదంతా రాశాను. కూరగాయలు ఎక్కువ తినేవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని వైద్యులు ముందే గమనించారు. క్యారెట్‌కు రంగునిచ్చే బీటా కెరోటినే కారణమేమో అనుకున్నారు. ఫిన్లాండులో 50 నుంచి 69 ఏళ్ల మధ్య వయసున్న 29,133 మంది పొగతాగే మగవారి మీద పరీక్షించారు. సగం మందికి రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్, సగం మందికి అది లేని మాత్ర. ఐదు నుంచి ఎనిమిదేళ్లు చూశారు. ఫలితాలు 1994లో వచ్చాయి. బీటా కెరోటిన్ వేసుకోనివారిలో 402 మందికి ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చింది. వేసుకున్నవారిలో 474 మందికి వచ్చింది.

తగ్గాల్సింది పెరిగింది. పొరపాటేమో అనుకునే వీలు కూడా లేకపోయింది. అమెరికాలో పొగతాగేవారు, మానేసినవారు, ఆస్‌బెస్టాస్ దుమ్ములో పనిచేసినవారు మొత్తం 18,314 మందితో అదే సమయంలో మరో పరీక్ష నడుస్తోంది. వాళ్లకు బీటా కెరోటిన్‌తో పాటు విటమిన్ ఎ ఇచ్చారు. వేసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 28 శాతం, మరణాలు 17 శాతం ఎక్కువ కనిపించడంతో 1996 జనవరిలో, గడువుకు 21 నెలల ముందే మాత్రలు ఆపించేశారు.

ఫిన్లాండు పరీక్షలో ఇంకో సంగతి ఉంది. అదే మనుషుల్లో, భోజనం ద్వారా కెరోటిన్ ఎక్కువ తీసుకునే అలవాటున్నవారికి క్యాన్సర్ ముప్పు తక్కువగానే ఉంది. అంటే కూర మీద ఏ అనుమానమూ లేదు. పొగతో నిండిన ఊపిరితిత్తుల్లోకి మోతాదుగా కుమ్మరించిన కెరోటిన్ తానే ఆక్సీకరణానికి గురై ముక్కలవుతుందనీ, ఆ ముక్కలు కణాల ఎదుగుదలను చెడగొడతాయనీ జంతువుల మీద చేసిన ప్రయోగాలు సూచించాయి. 2014లో స్వీడన్ శాస్త్రవేత్తలు, అప్పటికే ఊపిరితిత్తుల కణితులున్న ఎలుకలకు విటమిన్ ఇ, ఎన్-అసిటైల్ సిస్టీన్ ఇస్తే కణితులు వేగంగా పెరగడం చూశారు. ఆక్సీకరణ ఒత్తిడి క్యాన్సర్ కణాన్నీ బాధిస్తుంది. ఆ బాధ తీర్చిన మాత్ర దానికి ఊపిరి పోసింది. క్యాన్సర్, గుండెజబ్బుల నివారణకు బీటా కెరోటిన్, విటమిన్ ఇ మాత్రలు వాడవద్దని అమెరికా నివారణ వైద్య నిపుణుల బృందం 2022లో స్పష్టంగా సిఫార్సు చేసింది.

బాబాయికి ఆ రెండు అంకెలూ కాగితం మీద రాసి చూపించాను, 402, 474. చాలాసేపు చూశాడు. తర్వాత డబ్బా తిప్పి, వెనకాల సన్న అక్షరాల్లో ఉన్న పట్టికను నా చేత చదివించుకున్నాడు. మూడో వరుసలో బీటా కెరోటిన్ ఉంది. మీ ఇంట్లోనూ ఇలాంటి డబ్బా ఉంటే ఆ వరుస వెతకండి. ఇంట్లో ఎవరైనా పొగ తాగుతున్నా, ఈమధ్యే మానేసినా వారి చేతికి ఆ డబ్బా ఇవ్వకండి. క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారైతే, ఏమేం వేసుకుంటున్నారో ఆ డబ్బాలతో సహా తీసుకెళ్లి తమ డాక్టరుకు చూపించమనండి.