కలివికోడి జాడ చెప్పిన ఐతన్న ఏ రికార్డులో ఉన్నాడు?

కలివికోడి మన కడప జిల్లాలో ఉండే అరుదైన పిట్ట. దాన్ని మళ్లీ వెతికి పట్టిన సంఘం సంగతి ముందు చెప్పుకోవాలి. 1883 సెప్టెంబరులో బొంబాయిలో ఎనిమిది మంది కలిసి ఆ సంఘం పెట్టుకున్నారు. పక్షులు, పాములు, పురుగులు సేకరించడం, చూసిన సంగతులు మాట్లాడుకోవడం మొదట్లో వాళ్ల పని. మరుసటి ఏడాది ఫిప్సన్ అనే వైన్ వ్యాపారి తన దుకాణంలో ఒక గది ఇచ్చాడు. అలా మొదలైందే బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ. ఆ ఎనిమిది మందిలో ఇద్దరు భారతీయ డాక్టర్లు: ప్రార్థనా సమాజం స్థాపించిన ఆత్మారాం పాండురంగ్, తొలితరం భారతీయ మహిళా డాక్టర్లలో ఒకరైన రఖ్మాబాయిని పెంచిన సఖారాం అర్జున్. అందుకే దీన్ని తెల్లదొరల కాలక్షేపం అని కొట్టిపారేయడాన్ని నేను ఒప్పుకోను.

అయితే సొసైటీకి నమూనాలు పంపినవాళ్లలో చాలామంది తుపాకీ పట్టిన అధికారులే. 1911 నుంచి 1923 వరకు సాగిన క్షీరదాల సర్వేలో వేలాది జంతువుల చర్మాలు, పుర్రెలు పోగయ్యాయి. ఒక అడవిలో వందేళ్ల కిందట ఏ జంతువు ఉండేదో తేల్చడానికి ఇవాళ్టికీ అవే సాక్ష్యం. నమూనాకు కట్టిన చీటీ మీద ఊరు, తేదీ, సేకరించిన దొర పేరు ఉంటాయి. బొరియ ఎక్కడుందో చూపించినవాడి పేరు, ఉచ్చు పన్నినవాడి పేరు వెతికితే దొరకడం కష్టం. ఆ విజ్ఞానంలో సగం వాళ్లదేనని నా నమ్మకం.

ఇందుకు మన కడప జిల్లాకంటే మంచి ఉదాహరణ లేదు. మద్రాసు సైన్యంలో డాక్టరుగా పనిచేసిన జెర్డన్ 1848లో లోకానికి తెలిపిన కలివికోడి, 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. నిజాం రాజ్యంలో 1931-32లో పక్షుల సర్వే చేసిన పక్షి శాస్త్రవేత్త సలీం అలీకి కూడా ఈ పిట్ట మీద ఏళ్ల తరబడి ఆశ ఉండేది. చివరకు సొసైటీ తరఫున భరత్ భూషణ్ ఊళ్లు తిరిగి, మనుషులను అడుగుతూ వెతికారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే స్థానిక వేటగాడు టార్చిలైటు వెలుగులో దాన్ని పట్టాడు. కలివికోడి రాత్రిపూట తిరిగే పిట్ట, పగలు వెతికితే ఎన్నేళ్లైనా దొరకదు. ఎనభై ఆరేళ్లు శాస్త్రవేత్తల కంట పడనిది, ఆ పొదల మధ్య బతికే మనిషి చేతికి చిక్కింది. దాని కోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది, తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు.

కొన్నేళ్లుగా కలివికోడి మళ్లీ కనపడడం గగనమైపోయింది. దాని కోసం కెమెరాలు పెడుతున్నారు, అరుపులు రికార్డు చేస్తున్నారు. అవన్నీ కావాల్సిందే. కానీ ఆ అభయారణ్యం ఉన్న లంకమల కొండల చుట్టూ మేకలు కాసేవాళ్లను, కట్టెలు కొట్టేవాళ్లను, పాత వేటగాళ్లను జీతమిచ్చి ఈ పనిలోకి తీసుకోవాలి. కూలీలుగా పెట్టుకుంటే చాలదు, రాసే నివేదికలో వాళ్ల పేర్లు రావాలి. ఆ నివేదిక తెలుగులో కూడా రావాలి. సొసైటీ తన పాత చీటీలన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు, సేకరించినవారి గడి పక్కన దారి చూపినవారికి ఇంకో గడి పెట్టాలి. పాత ఉత్తరాల్లో, డైరీల్లో ఆ పేర్లు ఎక్కడ దొరికినా అందులో నింపుకుంటూ పోవచ్చు.